తప్పు జవాబుల తలుపు

ఆ ఫోన్ రోజూ వచ్చి ఆ తలుపు ముందు నిలబడేది. లోపలికి పోయేది కాదు. కొంతసేపు అక్కడే ఉండి వెళ్లిపోయేది. మరునాడు మళ్లీ వచ్చేది.

ఈ సంగతి నాకు చూపించిన మనిషి ఒకప్పుడు మా పత్రిక అనంతపురం ఆఫీసులో పేజీలు పెట్టేవాడు. నేను వార్తలు దిద్దేవాణ్ణి, అతను వాటిని పేజీలో కూర్చేవాడు. తర్వాత పత్రిక మానేసి కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీసే పనిలోకి వెళ్లాడు. బెంగళూరు కంపెనీలు పని పంపిస్తే ఇక్కడే కూర్చుని గీసి పంపేవాడు. ఆ పనుల మధ్య దొరికిన తీరికలో, కొన్నేళ్లు పట్టి, సొంతంగా ఒక ఆట తయారుచేశాడు. తెలుగులో, మన ఊళ్ల మీద, ఫోన్‌లో ఆడుకునే అడ్వెంచర్ ఆట. ఆ తలుపు దానిలోది.

రిటైరయ్యాక మధ్యాహ్నం పూట అతని గదికి పోయి కూర్చోవడం నాకు అలవాటు. ఆ రోజు అతను కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. ఆటను ఎన్ని ఫోన్లు తెరుస్తున్నాయో, ఎంతవరకు పోయి ఆగిపోతున్నాయో అందులో కనబడుతుంది. పేర్లు ఉండవు. ఏ వైపు ఫోనో మాత్రం సుమారుగా తెలుస్తుంది. తెర దాదాపు ఖాళీగా ఉంది. కింద ఒక్క గీత మాత్రం ఎత్తూ పల్లం లేకుండా సాగిపోతోంది.

"సూడన్నా, అందురూ పోయినారు. ఇదొక్కటి మాత్రం దినామూ వస్తాది. తలుపు కాడ నిలబడతాది. తప్పు జవాబు చెప్తాది. తిట్లు తింటాది. పోతాది."

"దయ్యమేమోనప్పా," అన్నాను.

అతను నవ్వలేదు. "నేనూ అదే అనుకుంటాండా," అన్నాడు.

ఇక్కడ ఆ ఆటల గురించి కొంచెం చెప్పాలి. అతను గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాడు. పక్కింటికి కంప్యూటర్ వచ్చినప్పుడు దానితో పాటు కొన్ని ఆటల డిస్కులు వచ్చాయట. వాటిలో తుపాకులు లేవు, పరుగులు లేవు. ఒక పాత మేడ, ఒక ఓడరేవు, మనుషులు లేని ఒక స్టేషను. ఆడేవాడు తిరగాలి, చూడాలి, దొరికింది తీసి జేబులో వేసుకోవాలి, కనబడినవాళ్లను అడగాలి, ఆలోచించాలి. సరిగ్గా ఆలోచిస్తే ఒక తలుపు తెరుచుకుంటుంది. దాని వెనక ఇంకో తలుపు. పిల్లలూ పెద్దలూ చాప మీద కూర్చుని, ఇంగ్లీషు వచ్చినవాడు చదివి చెబుతుంటే, తలా ఒక ఉపాయం అరిచేవాళ్లట. ఒకే తలుపు దగ్గర ఒక ఎండాకాలం సెలవులన్నీ గడిచిపోయాయట. డ్యూటీకి పోతున్న గార్డు ఒకాయన కిటికీలోంచి తల పెట్టి "తెరుచుకున్యాదా?" అని అడిగి, లేదంటే బాధపడి రైలెక్కేవాడట.

ఆ ఆటలకు అప్పట్లో పెద్ద గిరాకీ. అట్టపెట్టెల్లో వచ్చేవి. అనంతపురంలో కంప్యూటర్ సామాన్లు అమ్మే అంగడిలో వాటికి ఒక అర ఉండడం నేనూ చూశాను. కొంతకాలానికి ఆ అర సగమైంది. తర్వాత తుపాకులతో కాల్చుకునే ఆటల వెనక్కి జరిగింది. తర్వాత ఆ అంగడే సెల్‌ఫోన్ కవర్ల అంగడైంది. అవి తయారుచేసిన కంపెనీలు మూతపడ్డాయని, మిగిలినవి వేరే ఆటలకు మళ్లాయని అతను ఒక్కొక్క సంగతి చావు కబురు చెప్పినట్టు చెప్పేవాడు. నాకు ఆ తీరు కొత్త కాదు. మా ఆదివారం పేజీలో పొడుపు కథలకు ఒక గడి ఉండేది. మొదట అది చిన్నదైంది, తర్వాత మూలకు పోయింది, ఒక వారం లేనే లేదు. ఏమైందని అడిగిన పాఠకుడు ఒక్కడూ లేడు.

"ఆగి ఆలోచించే ఆట ఎవురికి గావాలన్నా?" అనేవాడు. "చిక్కుపడితే ఇంకొకడు ఆడిన వీడియో సూస్తారు. సూసినాక ఆడేదేముండాది?"

అంత తెలిసీ తయారుచేశాడు. అతని ఆట వలస పోయిన ఊరి గురించి. వానలు లేక ఊరంతా తాళాలు వేసుకుని పనులకు వెళ్లిపోయింది. ఆడే మనిషి బస్సు దిగి ఆ ఊళ్లోకి నడుస్తాడు. ఒక్కొక్క ఇల్లే తెరిచి, లోపల ఏవి వదిలిపెట్టారో, ఏవి తీసుకుపోయారో చూసి, ఎవరు ఎటు వెళ్లారో కనుక్కోవాలి. ఇళ్లన్నీ అతనే గీశాడు. ఉట్లు, మిద్దె కప్పు కింది దంతెలు, గోడ మీద పిల్లలు గీసిన పిచ్చిగీతలు కూడా వదల్లేదు. మాటలు నేను దిద్దిపెట్టాను.

ఆట సగం పూర్తయ్యాక శింగనమల వైపు ఒక పల్లెకు తీసుకుపోయి నలుగురి చేతికిచ్చాడు. నేనూ వెంట ఉన్నాను. అక్కడ ఎవరూ ఏ ఇంట్లోకీ పోలేదు. తలుపు వరకు వచ్చి ఆగిపోయారు. తాళంచెవి గూట్లో ఎదురుగా కనబడుతూనే ఉంది. ముట్టుకోరు.

"తియ్యన్నా, తాళం తియ్యి," అని ఆట తయారుచేసిన మావాడు వెనక నుంచి ఆత్రపడ్డాడు.

"ఎవురిల్లప్పా ఇది?" అని అడిగాడు ఫోన్ పట్టుకున్న ట్రాక్టర్ డ్రైవర్.

"ఎవురిదో ఒకరిది. ఆటే గదా."

"ఆటయితే? వలస పోయినోళ్ల ఇండ్లు తీసి సామాన్లు జేబులో ఏసుకుంటే మా ఊర్లో దాన్ని వేరే పేరు పెట్టి పిలుస్తారు. మీ టౌన్లో ఏమంటారో నాకు తెలీదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఒకామె అతని చేతిలోంచి ఫోన్ లాక్కుని, నోటి దగ్గర పెట్టుకుని, "ఎవురున్నారమ్మా లోపల?" అని కేక వేసింది. వేసి, జవాబు కోసం చెవికి ఆనించుకుంది.

ఎక్కడైనా ఈ ఆటలు ఆడేవాళ్లు మొదట నేర్చుకునేది కనబడిందల్లా జేబులో వేసుకోవడం. మా వాళ్లకు అదొక్కటే చేతకాలేదు. వలస పోయేవాళ్లు ఈ ఊళ్లలో తాళంచెవి పక్కింట్లో ఇచ్చి పోతారు. అది ఇల్లు కనిపెట్టుకుని ఉండడానికి, తెరవడానికి కాదు.

తిరుగుదారిలో, "తలుపు అవతల ఒక గొంతు పెడతానన్నా," అన్నాడు మావాడు. "పిలిస్తే పలకల్ల. లోపలికి రమ్మనల్ల. అట్లయితేనే వీళ్లు పోతారు."

మొదటి ఇంటికి అలా గొంతు వచ్చింది. తలుపు తడితే ఆ గొంతు ఒక పొడుపు కథ వేస్తుంది. తెర మీద కొన్ని బొమ్మలుంటాయి. సరైన బొమ్మను ముట్టుకుంటే రమ్మంటుంది, తలుపు తెరుచుకుంటుంది, ఆట ముందుకు పోతుంది. తప్పు బొమ్మను ముట్టుకుంటే తిడుతుంది.

గొంతు ఆ పల్లెలోని ఒక అవ్వది. కూలికి పోయే మనిషి. చేన్లో కలుపు తీసేచోట పొడుపు కథలు వేసి తోటివాళ్లను ఉడికిస్తుందని పేరు. ఆటలోని పొడుపు కూడా ఆమె చెప్పిందే.

"కాళ్లు లేవు, ఊరంతా తిరుగుతాది. పిలవకున్నా ఇంట్లోకొస్తాది. సుక్క నీళ్లు పడితే సస్తాది. ఏంది సెప్పు?"

జవాబు దుమ్ము. ఇది చెప్పడానికి ఆమె తడుముకోలేదు. తిట్లు చెప్పమనేసరికి నోరు పెగల్లేదు. మైకు వైపు అనుమానంగా చూసింది.

"ఎవుర్ని తిట్టల్ల? ఈ నల్ల మొద్దునా?"

అరుగు మీద కూర్చున్న మొగుణ్ణి చూసి ఆమె మొహం వెలిగింది. "ఇదో, నిన్నేప్పా. ఇట్లొచ్చి దీని యెనక కూసో. నిన్ను సూస్తే నోరు దానంతట అదే తిరుగుతాది."

ముసలాయన వచ్చి మైకు వెనక గొంతుక్కూర్చున్నాడు. ఇక ఆమె ఆగలేదు. పిల్లి బొమ్మకు, "పిల్లికి కాళ్లు లేవా? నీ కండ్లు యాడ తాకట్టు పెట్టినావు?" అంది. గాలి బొమ్మకు, "గాలి సస్తాదా? అట్ల సచ్చేదైతే నీ నోరు ఎప్పుడో మూతపడేది," అంది. మేక బొమ్మకు, "నీళ్లు తాగితే మేక సస్తాదా? నీ సేతిలో మేకలెట్ల బతికినాయప్పా ఇన్నాళ్లు?" అంది. ఆయన తన నవ్వు రికార్డులో పడకూడదని తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు ఊపుతూ కూర్చున్నాడు.

ఆట బయటికి వచ్చింది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. కొనేవాళ్లు లేరు. తర్వాత ఉచితంగా పెట్టాడు, అప్పుడూ పెద్దగా ఎవరూ రాలేదు. అవ్వ ఒక ఎండాకాలం జ్వరంతో పోయింది. మాకు తెలిసేసరికి ఆ పల్లెలో ఆమె గురించి మాట్లాడుకోవడం కూడా అయిపోయింది.

ఫోన్‌లోకి ఆటలు దించుకునే ఆన్‌లైన్ అంగడి నుంచి ఇటీవల అతనికి ఒక కబురు వచ్చింది. కొత్త ఫోన్లకు తగ్గట్టు మార్చకపోతే ఆటను తీసేస్తామని. పోతే పోనీలే అనుకున్నాడు. పోయేలోపల ఎవరైనా మిగిలారేమోనని చూస్తే ఆ ఒక్క ఫోన్ కనబడింది. శింగనమల వైపు అని ఉంది. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ వైపు మాకు తెలిసిన ఊరు ఒకటే.

మరునాడు పొద్దున బండి మీద వెళ్లాం. కూతురి ఇంటి పక్కన రేకుల చావడిలో ముసలాయన మేకకు ఆకు వేస్తున్నాడు. మమ్మల్ని గుర్తుపట్టి మంచం వాల్చాడు.

"ఏమప్పా, కొత్త ఆట ఏమన్నా తెచ్చినారా?"

"లేదు తాతా. నువ్వు పాతదే దినామూ ఆడతాండావు గదా," అన్నాడు మావాడు.

"నీకెవురు సెప్పినారు?"

"కంప్యూటర్లో తెలుస్తాది తాతా."

"ఏం కంప్యూటరప్పా అది! మొగుడూ పెండ్లాం మాట్లాడుకుంటా ఉంటే సాటు నుంచి ఇంటారా? సిగ్గు లేదా మీకు?"

మావాడికి నిజంగానే మొహం ఎర్రబడింది. ముసలాయన నవ్వి జేబులోంచి ఫోన్ తీశాడు. కూతురు వాడుకుని పక్కన పడేసిన ఫోన్. బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోతుంటే రబ్బరు బ్యాండు వేసి ఉంది. బొటనవేలితో నెమ్మదిగా తలుపు దగ్గరికి వెళ్లాడు. గొంతు పొడుపు వేసింది. ఆయన పొగ బొమ్మను ముట్టుకున్నాడు.

"పొగంట పొగ! ముందు ఆ బీడీ తీసి మాట్లాడు."

ముసలాయన చెవి మీద పెట్టుకున్న బీడీని తీసి మంచం కింద పెట్టాడు. గుంజకు కట్టేసిన మేక ఆకు నమలడం ఆపి, తలెత్తి, ఇంటి గడప వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు. కాసేపు చూసి మళ్లీ ఆకులో మూతి పెట్టింది.

"తాతా," అన్నాడు మావాడు, "ఆటతో పని లేకుండా అవ్వ మాటలన్నీ వేరుగా తీసి, పాటల మాదిరి పెట్టిస్తా. ఎప్పుడు గావాలంటే అప్పుడు ఇనొచ్చు."

"వద్దప్పా. అట్లయితే దాని పాటికి అది మాట్లాడుకుంటా పోతాది. నేనేమన్నా అంటే గదా అది తిట్టల్ల?"

నేను అడిగాను. "జవాబు తెలుసు కదా పెద్దాయనా?"

"తెలీకేం. పెండ్లయిన కొత్తలో నాకేసిన పొడుపే అది."

"మరి ఒక్కసారైనా చెప్పలేదే?"

ఆయన ఫోన్‌ను అరచేతిలో ఒకసారి తిప్పాడు.

"సెప్తే లోపలికి రమ్మంటాది గదప్పా. తిట్లన్నీ నా మొగాన తిట్టినవే, నేనెరుగుదును. ఆ రమ్మనే మాట మటుకు నేను ఇనలేదు. ఆ పొద్దు నేను మేకల్ని తోలకరానీకి పోయినాక మీరు దాన్ని రికార్డు సేసుకున్యారు. అది అనింది, నేను ఇననిది అదొక్కటే ఉండాది. ఇనేస్తే ఇంగేముంటాది?" ఉబ్బిన మూతను వేలితో నొక్కాడు. "బిడ్డ కొత్త ఫోన్ తెస్తానంటాది. ఇది పోయే ముందర ఇంటా. అందాకా ఉండనీ అని మిగిల్చి పెట్టుకున్యా."

మావాడు లేచి నిలబడ్డాడు. కూతురు టీ తెస్తానంటున్నా వినకుండా, మళ్లీ వస్తామని చెప్పి బండి తీశాడు. ఊరు దాటి చెరువు కట్ట మీదికి రాగానే ఆపేశాడు. చెరువులో నీళ్లు నడిమధ్యకు పోయాయి. చుట్టూ ఎండిన మట్టి.

"అన్నా, ఆ రమ్మనే గొంతు అవ్వది కాదు," అన్నాడు. "మా ఇంటామెది. ముసలి గొంతు మాదిరి మాట్లాడించి పెట్టినా."

అవ్వ గొంతు రికార్డు చేసిన ఆ సాయంత్రం ఆఖర్న నేను కూడా అక్కడ లేను. బస్టాపు దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నాను. జరిగింది అతను ఇప్పుడు చెప్పాడు. తిట్లన్నీ అయ్యేసరికి పొద్దు వాలింది. ముసలాయన మేకల కోసం వెళ్లాడు. ఇంక ఒక్క మాట మిగిలింది, "లోపలికి రా" అను అవ్వా అంటే ఆమె అననంది.

"మొగం తెలీనోళ్లు తలుపు తడితే రా అనేస్తామా? అందులో పొద్దు గూకే యాళ. నీ ఆట యాడెక్కడికో పోతాది. ఎవురెవురో తడతారు. అందర్నీ నేను రమ్మంటే ఏది ఒస్తాదో నీకు తెలుసునా?"

"ఆటే గదవ్వా."

"ఆటలో అయినా నేను అనను."

"మరేమంటావు?"

"రేపు రాపో అంటా. అంతే."

నాకు ఆమె భయం అర్థమైంది. నా చిన్నప్పుడు మా పామిడిలో తలుపుల మీద సున్నంతో "రేపు రా" అని రాసేవాళ్లు. పొద్దు గూకాక ఒకటి వీధిలో తిరుగుతుందని, ఇంట్లోవాళ్లకు బాగా తెలిసిన గొంతుతో పిలుస్తుందని, పలికి రమ్మంటే ఇక అంతేనని చెప్పేవాళ్లు. తలుపు మీది మాట చదువుకుని అది వెళ్లిపోతుందట. మరునాడు వచ్చి మళ్లీ అదే చదువుకుంటుందట. అవ్వ చదువుకోలేదు, అందుకని మైకులో చెప్పింది. అతను దాన్ని రికార్డు చేశాడు గాని వాడుకోలేదు. సరైన జవాబు చెప్పినవాణ్ణి రేపు రమ్మంటే ఆట ఎలా సాగుతుంది?

"ఉన్నదున్నట్టు చెప్పేద్దాం," అన్నాను. మనిషి అనని మాట అన్నట్టు రాయకూడదని పత్రికలో నేర్చుకున్నాను, ఇతరులకు నేర్పాను.

"చెప్తే ఆయప్పకు మిగిలేదేముండాది?"

కట్ట మీద గాలికి బండి అద్దం మీద దుమ్ము పేరుకుంటోంది.

"ఆట తీసేయనియ్యనన్నా," అన్నాడు చివరికి. "కొత్త ఫోన్లకు తగ్గట్టు మారుస్తా. మా ఇంటామె గొంతు తీసేసి అవ్వ చెప్పిందే పెడతా. దుమ్ము అంటే రేపు రాపో అంటాది. తలుపు తెరుచుకోదు."

"తెరుచుకోకపోతే ఆట?"

"ఆడికి అయిపాయ."

"లోపల నువ్వు గీసిన ఊరు?"

"లోపలికి ఎవురు పోతాండారన్నా?" అని బండి స్టార్ట్ చేశాడు.

అన్నట్టే చేశాడు. తెరుచుకోని తలుపున్న అడ్వెంచర్ ఆటను ఎవరైనా చెడిపోయిన ఆట అంటారు. అలాగే అన్నారు. ఎక్కడో ఉన్న ఒకరిద్దరు, సరైన జవాబు చెప్పినా తలుపు తీయడం లేదని, దీన్ని తయారుచేసినవాడికి బుద్ధి లేదని రాశారు. అతను చదివి నాకు వినిపించాడు, బదులివ్వలేదు. ముసలాయన పాత ఫోన్‌లో ఆ మాట వినకముందే, కూతురు తెచ్చిన కొత్త ఫోన్‌లో ఆటను తనే వెళ్లి పెట్టి వచ్చాడు. ముసలాయనకు ఏమీ చెప్పలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "దుమ్ము ముట్టుకున్యాడన్నా."

వెళ్లాం. ముసలాయన చావడిలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే లేవలేదు, మంచం వాల్చలేదు.

"ఏమప్పా, లోపలికి రమ్మంటాది అంటిరే. రేపు రమ్మంటాది!"

మావాడు ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఈసారి అంతా చెప్పాడు. పొద్దు గూకడం, ఆమె కొట్లాడడం, ఆటలో అయినా అననని మొండికేయడం, ఇన్నాళ్లూ అక్కడ ఉన్న గొంతు ఎవరిదో కూడా. చెప్పిందంతా ముసలాయన విన్నాడు. ఆమె మొండికేసిన మాటలు రెండోసారి చెప్పించుకున్నాడు.

"అంటాది," అన్నాడు. "అది అట్లనే అంటాది." కొంచెం నవ్వాడు కూడా. ఆ నవ్వు మొహం మీద ఉండగానే మాట మారింది. "నేనని తెలీక అనింది. నేను ఇంట్లో ల్యాకపోతిని గదా ఆ పొద్దు. బయట ఉండేది నేనని తెలిసింటే రమ్మనేది."

కూతురు తెచ్చిన టీ తాగి బయల్దేరాం.

ఇది జరిగి ఎంతో కాలం కాలేదు. మొన్న అతని గదికి పోతే తెర చూపించాడు. ఆ ఫోన్ రోజూ వస్తూనే ఉంది. అయితే ఇప్పుడు పిల్లిని ముట్టుకోవడం లేదు, గాలిని ముట్టుకోవడం లేదు. తిట్లు అక్కర్లేదు. వచ్చీ రాగానే దుమ్ము అంటుంది, ఆమె చెప్పింది వింటుంది, మళ్లీ దుమ్ము అంటుంది. కొన్ని దినాలు చాలాసేపు అంటూనే ఉంటుంది.

"అడుక్కుంటాండాడన్నా," అన్నాడు మావాడు. "తలుపు తెరిచి పెడదునా? పాత బొమ్మలన్నీ ఉండాయి. గంట పని."

అతను గీసిన ఆ ఇల్లు నాకు తెలుసు. తలుపు తీస్తే పొయ్యి, ఉట్టి, మడిచిపెట్టిన చాప కనబడతాయి. మనిషి ఉండదు. వలస పోయిన ఊరని ఆటే కదా చెబుతుంది.

"వద్దు," అన్నాను. "మూసే ఉండనీ."

అతను తెర ఆర్పేశాడు.